మాట వచ్చేదాకా

స్టాక్‌హోమ్, ఫిబ్రవరి 11

అక్కా,

నీకు నా సలాం. అల్లా దయ వల్ల గులేద్, నేను, పిల్ల బాగున్నాం. ఈ ఉత్తరం నాసిర్ చేత పంపుతున్నాను. వాళ్ళమ్మని చూడ్డానికి హర్గీసా వస్తున్నాడు. సంచిలో నీకు ఉన్ని మేజోళ్ళు పెట్టాను. హర్గీసా ఎండల్లో ఉన్ని మేజోళ్ళెందుకే అని నవ్వుతావు. తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చుని అట్లు పోసేటప్పుడు నీ పాదాలు చల్లగా అయిపోయేవి, నాకు గుర్తుంది.

మంచు గురించి రాయను. పోయినసారి రెండు పేజీలు రాస్తే, "మంచు చాలు, పిల్ల సంగతి రాయి" అని తిట్టావు. పిల్ల సంగతే రాస్తాను. సగల్‌కి ఏడాదిన్నర దాటింది. పరుగులు పెడుతోంది. చెప్పులు దాచేస్తుంది, వాళ్ళ నాన్న బస్సు డ్యూటీకి వెళ్ళే టైముకి ఇల్లంతా వెతుక్కోవాలి. కానీ మాట రాలేదు అక్కా. అమ్మా అని కూడా అనదు. పిల్లల ఆసుపత్రిలో గునెల్ అనే నర్సు బొమ్మల పుస్తకం ముందు పెట్టి, కుక్క ఏది అని వాళ్ళ భాషలో అడిగింది. మనది ఆ పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది. నర్సు ఏదో రాసుకుంది. వాళ్ళు ఏదైనా రాసుకుంటే నేను పిల్లని ఎత్తుకుని లేచి వచ్చేస్తాను.

ఇక్కడ మనుషులు మాట్లాడుకోరు. బస్సు నిండా జనం ఉంటారు, ఒక్కరు నోరు తెరవరు. మనవాళ్ళు ఇద్దరు కలిస్తే చాలు, అందరూ తిరిగి చూస్తారు. అందుకని మేమూ నెమ్మదిగా మాట్లాడ్డం నేర్చుకున్నాం. ఇక పిల్లకి మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

అందుకే అనుకున్నాం. గులేద్‌కి జూలైలో సెలవు. సగల్‌ని తీసుకుని మీ దగ్గరికి వస్తాం, నెలంతా ఉంటాం. పగలు పక్కింటి సాదో వాళ్ళ పిల్లల మధ్య వదిలేద్దాం, రాత్రికి నీ దగ్గర పడుకుంటుంది. మాటలు బాగా వినబడే చోట ఉండాలి కదా.

నిన్ను చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. నీ అట్టు తిని ఎనిమిదేళ్ళయింది. నేనిక్కడ పిండి పులియబెడితే పులవదు, నాలాగే చలికి ముడుచుకుని కూర్చుంటుంది.

నీ చెల్లి
ఉబా


హర్గీసా, మార్చి 9

ఒసేయ్ ఉబా,

నీ ఉత్తరమూ, మేజోళ్ళూ అందాయి. ఒకటి ఎర్రది, ఒకటి గోధుమరంగుది. ఆ దేశంలో అలాగే తొడుక్కుంటారేమో అనుకుని రెండూ వేసుకుని వాకిట్లో తిరిగాను. సాదో చూసి నవ్వలేక గోడ పట్టుకుంది. దాని మనవరాలు హిబాక్ నా వెనకాలే పడి, నాకూ ఒకటి కావాలని లాగుతోంది. నాలుగేళ్ళు రాలేదు, ఈ వాకిలి మొత్తం దాని పెత్తనమే.

జూలైలో వస్తామన్న ముక్క చదివి, ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పి అదే ముక్క చదివాను. పొయ్యి మీద అట్టు మాడింది. నా చేతిలో అట్టు మాడటం ఈ వీధి జనం ఎన్నడూ చూడలేదు. ఇప్పట్నుంచీ ఒక మేకపోతుని మేపమని చెప్పాను. నెయ్యి కాచి పెడతాను, నేతిలో ఎండుమాంసం ఊరేస్తాను. నీ గదిలో సాంబ్రాణి వేయించి, ఆ పాత చాప తీసేసి పరుపు వేయిస్తాను. మీ ఆయన పొడుగు, కాళ్ళు గుమ్మం దాటతాయి, అది ఆయన చూసుకోవాలి.

నువ్వు పుట్టేసరికి నేను పెద్దపిల్లని. నీ ఏడుపు నాకు వినబడదని అమ్మ నిన్ను నా వీపుకి కట్టేది. ఏడిస్తే నా వెన్నులో తెలిసేది. కాస్త పెద్దయ్యాక నా అరచెయ్యి తీసి నీ గొంతు మీద పెట్టుకుని కబుర్లు చెప్పేదానివి. నీ గొంతు ఎలా ఉంటుందో నాకు అలాగే తెలుసు. సగల్ గొంతు కూడా అలాగే చూడాలని నా ఆశ.

ఇక రెండో సంగతి. పగలు సాదో దగ్గర, రాత్రి నా దగ్గర అన్నావు. మాటలు బాగా వినబడే చోట అన్నావు. అర్థమైందిలే. చెవిటి పెద్దమ్మ దగ్గరుంటే పిల్లకి ఈ గొంతే అంటుకుంటుందని నీ భయం. నేను బయట నోరు తెరవనన్న సంగతి నీకు తెలుసు. అట్లు కూడా వేళ్ళు చూపించే అమ్ముతాను. వీధిలో కుర్రకుంకలు నా గొంతుని వెక్కిరిస్తారని పెళ్ళయిన కొత్తలోనే మానేశాను. కానీ నీ ముందు ఎప్పుడూ మానలేదు. నిన్ను ఎత్తుకు పెంచింది ఈ గొంతే. నీకు మాటలు రాకపోలేదు, ఆపమన్నా ఆగేవి కావు.

నువ్వు చెప్పినట్టే చేద్దాం. నీ పిల్ల, నీ ఇష్టం. ఫోను కొనుక్కోమంటున్నారు అందరూ. చెవిటిదానికి ఫోనెందుకు? అందులో రాసుకోవచ్చట. ఆ బుల్లి అద్దంలో నాలుగు ముక్కలే పడతాయి. నా కోపానికి చాలవు.

దహబో


స్టాక్‌హోమ్, ఏప్రిల్ 2

అక్కా, నా బంగారు అక్కా,

నీ ఉత్తరం చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. గులేద్ వచ్చి ఎవరు పోయారని అడిగాడు. నేనే పోయానన్నాను. ఆ మాట నీ గురించి కాదు. నీ గొంతు నాకు వెక్కిరింపా? జ్వరం వస్తే ఇప్పటికీ కలలో వినబడేది అదే.

అసలు సంగతి నీకు రాయలేదు, అందుకే ఇలా అయింది. మా పై అంతస్తులో కల్తూన్ ఉంటుంది. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో బస్సెక్కడం, దుకాణంలో పాలకీ పెరుగుకీ తేడా చూడ్డం నేర్పింది తనే. సగల్ పుడితే నలభై రోజులూ నాకు వండి పెట్టింది. తన కొడుకు ఇల్యాస్ రెండేళ్ళప్పుడు ఉన్న నాలుగు మాటలూ మానేశాడు. ఇప్పుడు ఆరేళ్ళు. మనిషి మొహంలోకి చూడడు, ఒకచోట నిలబడి ఊగుతాడు. కల్తూన్‌కి తెల్లవార్లూ నిద్ర ఉండదు. వాడికి ఏడాదిన్నరకి వేసిన సూది వల్లే అలా అయిందని తన నమ్మకం. తట్టుకీ, గవదబిళ్ళలకీ, ఇంకోదానికీ కలిపి ఒకే సూది వేస్తారిక్కడ. తనని చూశాక మా వాళ్ళలో తల్లులందరం ఒకటే మాట మీద ఉన్నాం. పిల్లకి మాట వచ్చేదాకా ఆ సూది వద్దు. మాటలు నిలబడ్డాయని తెలిశాక చూసుకుందాం.

సగల్‌కి మాట రాలేదు, కనుక సూదీ వేయించలేదు. మిగతావన్నీ వేయించాను, ఇదొక్కటే. గునెల్ ప్రతిసారీ ఏవో కాగితాలు చేతిలో పెడుతుంది. మన భాషలో ఉన్నవి కూడా ఇస్తుంది, చదివితే తలా తోకా ఉండదు. నాతో నిదానంగా, గట్టిగా, నేనేదో చెవిటిదాన్నయినట్టు మాట్లాడుతుంది. నా వెనక ఏం రాసుకుంటుందో, ఎవరికి చెబుతుందో, పిల్లని తీసుకుపోతారో ఏమో అని భయం. అందుకని నవ్వి, వచ్చేసారి అంటాను.

తట్టు అంటావా, అది పిల్లలకి వస్తుంది పోతుంది. మనకి రాలేదా ఏం? నీకు చిన్నప్పుడు ఏదో పాడు జ్వరం వచ్చి చెవులు పోయాయి, అది వేరే. కానీ మాటే రాకపోతే ఆ పిల్ల బతుకేం బతుకు అక్కా? మనవాళ్ళలో మాట లేని మనిషిని ఎవరు లెక్కచేస్తారు?

అక్కడికి వస్తే అన్నీ సర్దుకుంటాయని నా ఆశ. మన గాలి, మన పాలు, వాకిలి నిండా పిల్లలు. నువ్వే పగలూ రాత్రీ ఉంచుకో. నేను అడగను.

ఉబా


హర్గీసా, మే 6

ఉబా,

ఈసారి సలాములూ కుశలాలూ లేవు. కోపం తగ్గితే చివర్లో రాస్తాను.

మాట లేని మనిషిని ఎవరు లెక్కచేస్తారని నన్నే అడిగావు. చెవిటిదాన్నయినట్టు మాట్లాడుతుందని కూడా నాకే రాశావు. రాసేటప్పుడు ఎవరికి రాస్తున్నావో చూసుకోవే తల్లీ. నా అట్ల కోసం తెల్లారకముందే ఈ వీధంతా గిన్నెలు పట్టుకుని నిలబడుతుంది. చేతి సైగలతో నాతో దెబ్బలాడి నెగ్గినవాడు ఈ పేటలో ఇంకా పుట్టలేదు. పెళ్ళి చేసుకున్నాను, మొగుడు పోతే ఏడ్చాను, మళ్ళీ లేచాను. అది బతుకు కాకపోతే ఇంకేమిటి?

ఇప్పుడు విను. నీకు ఏదో పాడు జ్వరం అని చెప్పింది అమ్మ. దాని పేరు పలికితే మళ్ళీ గుమ్మంలోకి వస్తుందని అమ్మకి భయం. నాన్న కూడా అమ్మ మాట దాటలేదు, నేనూ దాటలేదు. అది తట్టే.

అప్పటికి నాకు ఏడేళ్ళు. వసపిట్టనని పేరు. నాన్న ఇంటికి అతిథులొస్తే నన్ను మధ్యలో నిలబెట్టి పద్యాలు చెప్పించేవాడు. తర్వాత ఒళ్ళంతా ఎర్రగా పొంగింది. గుమ్మానికి దుప్పటి కట్టి చీకటి గదిలో పడుకోబెట్టారు. చెవుల్లోంచి చీము కారింది. జ్వరం తగ్గి నేను లేచిన రోజు అమ్మ నా పక్కన కూర్చుని పెదాలు కదుపుతోంది. శబ్దం లేదు. నాతో ఆట ఆడుతోందనుకున్నాను. నేను కూడా శబ్దం లేకుండా పెదాలు కదిపి నవ్వాను. నిజానికి నేను అరుస్తున్నానట. అమ్మ ఏడ్చింది.

నీకూ నాకూ మధ్య ఒకడుండేవాడు. వాడి పేరు జిర్దె. మూడేళ్ళు. అదే చాప మీద నా పక్కన పడుకున్నాడు. నేను లేచాను, వాడు లేవలేదు. ఆ తర్వాతే నాన్న బొగ్గుముక్కతో నేల మీద అక్షరాలు రాసి నాకు నేర్పాడు. ఉన్న మాటలు పోకూడదని. అలా నేర్చిన చేత్తోనే నీకు రాస్తున్నాను.

ఆ కల్తూన్ కొడుకుకి ఎందుకలా అయిందో నాకు తెలియదు. నేను డాక్టరుని కాను. ఆమె కడుపుకోత నాకు అర్థమవుతుంది. కానీ ఇంకొకళ్ళ బిడ్డకి ఏమవుతుందో ఆమె ఎలా చెప్పగలదు? ఆ నర్సుని కూర్చోబెట్టి నీ భయాలన్నీ అడుగు. నవ్వి తప్పించుకు రావద్దు. మీ దేశంలో పిల్లిపిల్లలకి కూడా సూదులు వేస్తారని నాసిర్ చెప్పాడు. నీ పిల్లకి లేదని నేను కల్లో కూడా అనుకోలేదు. అనుకుని ఉంటే ముందే రాసేదాన్ని. మా పక్క వీధుల్లో తట్టు తిరుగుతోంది. నిన్నట్నుంచి హిబాక్ ఒళ్ళు కాలుతోంది, కళ్ళు ఎర్రబడ్డాయి. సూదులు వేసేవాళ్ళు వచ్చినప్పుడు దాన్ని తీసుకుని దాని తల్లి పల్లెలో ఉంది.

సగల్‌కి సూది పడకుండా తీసుకొచ్చావంటే నేను గేటు తియ్యను. నా పిచ్చి నీకు తెలుసు, అన్నంత పనీ చేస్తాను. ఎనిమిదేళ్ళుగా నీ కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. అయినా సరే తియ్యను.

ఈ ఉత్తరం నాసిర్ బావమరిది చేతికిస్తున్నాను. సరుకు కోసం దుబాయ్‌లో ఆగి వస్తాడట. తొందరగా వెళ్ళమని బతిమాలాను.

కోపం తగ్గలేదు. మేజోళ్ళు వెచ్చగా ఉన్నాయి.

దహబో


స్టాక్‌హోమ్, జూన్ 14

అక్కా,

రెండు నెలలు దాటింది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఇంత కోపమా? పోయిన ఉత్తరంలో ఏం రాశానో తలచుకుంటే నాకే చెయ్యి తెగ్గొట్టుకోవాలనిపిస్తోంది. మాట లేని మనిషి అని నీకు రాశాను. పోస్టు చేసినదైతే వెనక్కి అడగొచ్చు, మనిషి చేతిలో పెట్టినదాన్ని ఎలా ఆపను?

తిట్టాలనుంటే ఎదురుగా తిట్టు. జూలై 3న హర్గీసాలో దిగుతున్నాం. టికెట్లు వచ్చేశాయి. సగల్‌కి పసుపు గౌను కొన్నాను, దానికి అప్పుడే పెరుగు మరక పడింది. నీకు ఈసారి ఒకే రంగు మేజోళ్ళు.

సూది సంగతి నీకు రాశాను కదా. కల్తూన్ అంటోంది, వెళ్ళి రండి, అక్కడ పిల్లకి మాటలు వచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చని. నాకూ అదే మంచిదనిపించింది. గులేద్‌కి మాత్రం లోపల ఏదో గుచ్చుతోంది. మొన్న టీ తాగుతూ, మీ అక్క ఏమంటుందో కనుక్కో అన్నాడు. అక్క మాట్లాడ్డం మానేసింది అన్నాను. అలా అన్నానని తర్వాత ఏడుపొచ్చింది.

ఈ ఉత్తరం హలీమో గారి చేత పంపుతున్నాను, ఆవిడ ఎక్కడా ఆగకుండా వస్తోంది. నువ్వు గేటు దగ్గర నిలబడి ఉంటావు కదూ? నేను పిల్లని ముందు నీ చేతికిచ్చి, తర్వాతే నిన్ను పట్టుకుంటాను.

ఉబా


హర్గీసా, జూన్ 22

ఉబా,

నీకు నా గొంతు వినబడిందా?

హలీమో నీ ఉత్తరం ఇచ్చి వెళ్ళింది. చదివాను. నా మే నెల ఉత్తరం నీకు చేరలేదన్నమాట. ఆ దుబాయ్ చవట ఇంకా సరుకు బేరం చేస్తూనే ఉన్నాడు. గులేద్ నంబరు పట్టుకుని, సాదో చెయ్యి లాక్కుని టెలిఫోన్ కొట్టుకి పరిగెత్తాను. దార్లో దానికి చేతులతో, పెదాలతో మూడుసార్లు చెప్పాను. "తట్టు ఉంది, రావద్దను. ముందు సూది, తర్వాతే ప్రయాణం అను." సాదో తలూపింది.

ఫోను కలిసింది. సాదో నవ్వు మొహం పెట్టింది. నేను దాని పెదాలే చూస్తున్నాను. "అందరూ చల్లగా ఉన్నారమ్మా. అక్క బాగుంది. పిల్లలు బాగున్నారు. మేకపోతు బలిసింది. మీ కోసమే ఎదురుచూస్తున్నాం." నేను దాని భుజం పట్టి కుదిపాను. అది నా చెయ్యి తీసేసి, ఇంకా నవ్వుతూనే, "హిబాక్ ఆడుకుంటోంది" అంది. ఇంట్లో ఆ పిల్ల, తట్టు దిగినా దగ్గు వదలక, ఊపిరి పీల్చుకోలేక ఎగపోస్తోంది, ఉబా. దాని నానమ్మ ఆడుకుంటోందని చెప్పింది.

నేను సాదోని తిట్టను. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న పిల్లకి చెడ్డ కబురు చెప్పకూడదని మనందరికీ పెద్దవాళ్ళు నూరిపోసిందే కదా. అంత దూరంలో ఉండి ఆ కబురు నువ్వేం చేసుకుంటావు, అన్నం మానేస్తావు అని. నాన్న పోయినప్పుడు కూడా నీకు నెల తర్వాతే చెప్పాం. నాన్న నిద్రపోతున్నాడు అని ఫోన్లో చెప్పింది ఈ సాదోయే.

కానీ ఇది అలాంటిది కాదు. ఫోను లాక్కున్నాను. పెళ్ళయిన కొత్తలో మూసిన నోరు, ఆ కొట్లో అంతమంది మగవాళ్ళ ముందు తెరిచాను. "రావద్దు, సూది వెయ్యి, తట్టు" అని అరిచాను. ఎన్నిసార్లన్నానో తెలియదు. కొట్టువాడు మొహం తిప్పుకున్నాడు. గుమ్మంలో ఇద్దరు నవ్వారు. నవ్వనీ. నా చెవికి అదంతా గోడ లాంటిది. అటువైపు నువ్వున్నావో లేవో, ఫోను కట్టయిందో, నా మాట మాటలాగా ఉందో లేదో, ఏమీ తెలియదు. ఫోను సాదోకి ఇచ్చాను. లైను పోయిందంది.

నువ్వు వస్తావో రావో నాకు తెలియదు. మూడో తారీఖున గేటు దగ్గరే కూర్చుంటాను. రాకపోతే ఏడుస్తాను. వస్తే గేటు తియ్యకుండా ఏడుస్తాను.

దహబో


స్టాక్‌హోమ్, జూలై 5

అక్కా,

వినబడింది.

ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినబడేలా చేశాను, సాదో కబుర్లు గులేద్ కూడా వింటాడని. మేకపోతు బలిసిందని వింటూ నవ్వుకుంటున్నాం. అంతలో నీ గొంతు వచ్చింది. మొదట ఏ ముక్కా అర్థం కాలేదు. అర్థం కాకముందే నాకు ఏడుపు వచ్చేసింది. గులేద్ లేచి నిలబడ్డాడు. "సూది అంటోంది, తట్టు అంటోంది, రావద్దంటోంది" అని ఒక్కొక్కటే తను విప్పి చెప్పాడు. నేను అరిచాను, సరే అక్కా, సరే అక్కా అని. ఎవరికి అరుస్తున్నానో గుర్తులేదు. లైను పోయాక ఆ నంబరుకి ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

ఇంకో సంగతి జరిగింది. సగల్ గిన్నెలతో ఆడుకుంటోంది. నీ గొంతు వినగానే ఆట ఆపి బల్ల దగ్గరికి వచ్చింది. ఫోను మీద నోరు ఆనించి "ఆ..." అంది. అది మాట కాదు. నీ గొంతులాగే, సాగదీసి. నువ్వు అరిస్తే అదీ అరిచింది. నువ్వు ఊపిరి తీసుకుంటే ఆగింది. ఇంట్లో ఎవరి మాటకీ అది అలా జవాబివ్వలేదు. నీకు వినబడలేదు కనుక రాస్తున్నాను. నా కూతురు మొదట మాట్లాడింది నీతోనే.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాం. గునెల్ కాగితాలు తియ్యబోయింది. వద్దన్నాను. గులేద్ నా మాటలు ఆమె భాషలో చెప్పాడు. ఇల్యాస్ గురించి అడిగాను. పిల్లని తీసుకుపోతారా అని కూడా అడిగాను. ఆమె కాగితాలు పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది. పిల్లని తీసుకుపోవడం ఏమిటని ఆమే బెదిరిపోయింది. మాట నిలబడుతుందా లేదా అన్నది బయటపడే వయసూ, ఆ సూది వేసే వయసూ ఒకటే అంది. అందుకే తల్లులకి రెండూ ముడిపడి కనిపిస్తాయని, వేయించుకున్న పిల్లల్నీ వేయించుకోని పిల్లల్నీ లక్షలమందిని పోల్చి చూశారని, తేడా లేదని చెప్పింది. నేను నీ గురించి చెప్పాను. మీ అక్క పేరేమిటి అని అడిగింది. దహబో అని రెండుసార్లు పలికించుకుంది.

నాకు భయం పూర్తిగా పోలేదు అక్కా, అబద్ధం చెప్పను. పిల్లకి మాట రాకముందే సూది వేయించాను. కొన్ని రోజులకి కాస్త జ్వరం వచ్చింది. అది పలక్కుండా పడుకున్నప్పుడల్లా అయిపోయింది అనుకున్నాను. తర్వాత లేచి వాళ్ళ నాన్న చెప్పు దాచింది.

సూది పట్టడానికి కొంచెం వ్యవధి కావాలట, మీ వైపు తట్టు తగ్గేదాకా ఆగమంది. గులేద్ సెలవు అయిపోతుంది. మూడో తారీఖున మేం మూట విప్పకుండా గదిలో కూర్చున్నాం. నువ్వు గేటు దగ్గర ఉంటావని తెలుసు.

నీ మే నెల ఉత్తరం ఇవాళ వచ్చింది. జిర్దె అని ఒకడున్నాడని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పేరు నోటితో అనుకుంటూ తిరుగుతున్నాను. హిబాక్ ఎలా ఉంది? సాదో చేత చెప్పించకు. నువ్వే రాయి.

ఉబా


హర్గీసా, ఆగస్టు 10

నా చిన్నారి ఉబా,

హిబాక్ పోయింది. నేను ఫోన్లో అరిచిన నాలుగో రోజు. గుండెల్లో నెమ్ము చేరిందన్నారు. జ్వరంలో నేను తొడిగిన ఎర్ర మేజోడు దాని కాలికే ఉండిపోయింది, నేను వెనక్కి అడగలేదు.

సాదో చాలా రోజులు మొహం చూపించలేదు. తర్వాత ఒక పొద్దున నా పొయ్యి పక్కకి వచ్చి కూర్చుంది. నాకు కనబడేలా మొహం నా వైపు తిప్పి, "బాగుందని పైకి అంటే నిజమవుతుందేమో అనుకున్నానే" అంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం అట్లు పోశాం. ఇప్పుడు సూదులు వేసేవాళ్ళు మా వాకిట్లోనే బల్ల వేసుకుంటున్నారు. పేటలో తల్లుల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చేది సాదోయే. చిన్నగా మాట్లాడటం దానికి రాదు కదా, మంచిదైంది.

మూడో తారీఖున చీకటి పడేదాకా గేటు దగ్గరే కూర్చున్నాను. ఏ బండి వచ్చినా దుమ్ము చూసి లేచేదాన్ని. రాలేదని సంతోషించాలి. సంతోషించాను కూడా. లోపలికి వచ్చి నీకు వేసిన పరుపు మీద పడుకుని ఏడ్చాను. ఏం చెయ్యను, రెండూ నేనే. మేకపోతుని హిబాక్ పేరున కోసి పంచాం.

నీ ఉత్తరంలో సగల్ ఫోను మీద నోరు పెట్టిన ముక్క చిరిగిపోయేలా ఉంది, అన్నిసార్లు చదివాను. వీధిలో నన్ను వెక్కిరించిన గొంతుకి ఆ పసిది జవాబు చెప్పిందా? అప్పుడే అనుకున్నాను, ఇంక నోరు మూసుకోనని. నిన్న ఒకడు అట్టు చిన్నదిగా ఉందన్నాడు. నోటితోనే తిట్టాను. బెదిరిపోయి రెండు కొన్నాడు.

గేటు గొళ్ళెం తీసే ఉంచాను. ఎప్పుడొస్తారో మీ ఇష్టం. దానికి మాట వచ్చినా, రాకపోయినా తీసుకురా. మాటలు లేకపోతే మేమిద్దరం అవస్థ పడం. అవస్థంతా నీకే, మధ్యలో.

దహబో


స్టాక్‌హోమ్, నవంబర్ 28

అక్కా,

గులేద్‌కి సెలవు ఇచ్చారు. డిసెంబర్ 18న వస్తున్నాం. గునెల్ పిల్లని చూసి, ఇక నిశ్చింతగా వెళ్ళమంది. చెవుల పరీక్ష కూడా చేయించింది. బ్రహ్మాండంగా వినబడుతోందట. అంటే మనం పిలిస్తే పలక్కపోవడం పొగరన్నమాట. అది నీ పోలికే.

సూది వేయించానని కల్తూన్ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మొన్న నేనే పైకి వెళ్ళాను. ఇల్యాస్ కిటికీ దగ్గర నిలబడి ఊగుతున్నాడు. హిబాక్ సంగతి చెప్పాను, జిర్దె సంగతి చెప్పాను. తను ఏడ్చింది. ఇల్యాస్ చెల్లికి సూది వేయిస్తానని అనలేదు, వేయించనని కూడా అనలేదు. ఎప్పుడైనా ఆసుపత్రికి తోడు రమ్మంటే వస్తానని చెప్పి, టీ తాగి వచ్చాను.

సంచిలో ఎర్ర మేజోళ్ళు పెట్టాను. సాదోకి ఎలా ఇవ్వాలో తెలియడం లేదు, నువ్వే చెప్పు.

నువ్వు రాశావు కదా, నీ అరచెయ్యి నా గొంతు మీద పెట్టుకునేదాన్నని. ఒకరోజు సగల్‌కి చేసి చూపించాను. ఇప్పుడు నేను మాట్లాడుతుంటే ఎక్కడున్నా వచ్చి నా గొంతు మీద చెయ్యి పెడుతుంది. తర్వాత నా చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుని "ఆ..." అంటుంది. నీ ఫోటో ఎదురుగా పెడితే ఇంకాస్త గట్టిగా అంటుంది. వాళ్ళ నాన్న తన చెయ్యి పెట్టబోతే తోసేస్తుంది.

దానికి మాట ఇంకా రాలేదు అక్కా. మేం వస్తున్నాం. గేటు దగ్గర నిలబడేటప్పుడు చేతులు పొయ్యి దగ్గర కాచుకుని రా. చల్లటి చెయ్యి గొంతు మీద పెడితే అది ఒప్పుకోదు.

ఉబా